ప్రత్యర్థి అడ్డం పడ్డాక స్లామ్‌కు దారి: బ్రిడ్జి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. ప్రత్యర్థి చేతిలో బలం లేకపోయినా ఒక పొడవైన రంగును పట్టుకుని మూడో స్థాయిలోనో నాలుగో స్థాయిలోనో వేలం మొదలుపెడతాడు. మంచి ముక్కలన్నీ మనవైపే ఉన్నా, వాటి గురించి మాట్లాడుకోవడానికి కావలసిన చోటు ఆ ఒక్క మాటతో పోతుంది. ప్రీఎంప్ట్ అని మనం పిలుచుకునే ఈ అడ్డంకిని దాటి స్లామ్ (13 ట్రిక్కుల్లో 12 గెలిచే చిన్న స్లామ్, అన్నీ గెలిచే గ్రాండ్ స్లామ్) దాకా ఎలా వెళ్లాలన్నదే అందరి ప్రశ్న కనుక, మిగిలిన సందేహాలను మరోసారికి వాయిదా వేసి ఈ ఉత్తరాలకే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: జట్ల పోటీలో, రెండు పక్షాలూ (లాభనష్టాలు పెరిగే) వల్నరబుల్‌గా ఉన్న ఆటలో, నా ఎడమవైపు ఆటగాడు 3 డైమన్లతో మొదలుపెట్టాడు. నా భాగస్వామి డబుల్ (మిగిలిన మూడు రంగుల్లో ఒకటి ఎంచుకోమన్న మాట) అన్నారు, కుడివైపు ఆటగాడు పాస్ అన్నాడు. నా చేతిలో ఇస్పేటు రాజు, రాణి, 10, 7, 5, 3. ఆఠీను రాణి, 4. డైమను 9, 8, 3. కళావరు ఆసు, 6 ఉన్నాయి. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 లెక్కన ఉన్నవి 11 పాయింట్లే కదా అని 4 ఇస్పేట్లు అన్నాను, అందరూ పాస్ అన్నారు. భాగస్వామి పరిచిన ముక్కలు ఇవి: ఇస్పేటు ఆసు, జాకీ, 9, 4, ఆఠీను ఆసు, రాజు, 8, 3, డైమను 6, కళావరు రాజు, 9, 7, 5. నాకు 12 ట్రిక్కులు వచ్చాయి. రెండో బల్ల దగ్గర ఇవే ముక్కలతో 6 ఇస్పేట్లు (12 ట్రిక్కులు గెలుస్తామన్న మాట) ఆడి గెలిచారు. 11 పాయింట్ల చేతితో స్లామ్ గురించి ఆలోచించాలని నాకు ఎలా తెలుస్తుంది?

జవాబు: మీ బల్ల దగ్గర స్కోరు 680, అక్కడ 1430. తేడా 750, అంటే జట్ల పోటీల్లో తేడాను కొలిచే పద్ధతిలో 13 ఇంప్‌లు. బాధ కలిగించే మొత్తమే, కానీ మీ చేతి పాయింట్లను మాత్రమే చూస్తే 4 ఇస్పేట్లు అనడంలో తప్పు కనిపించదన్నది నిజం. ఎందుకో ముందు చెబుతాను.

పేకలో ఉన్నవి 40 పాయింట్లు. డబుల్ చేసిన మీ భాగస్వామి దగ్గర 15 ఉన్నాయి, ప్రీఎంప్ట్ చేసినవాడికి 7 అనుకుందాం. మిగిలిన 18 పాయింట్లు మీకూ మీ కుడివైపు ఆటగాడికీ మధ్య ఉంటాయి కనుక, మీ వాటా సగటున 9 అవుతుంది. అంత పై స్థాయిలో డబుల్ చేసే ధైర్యం భాగస్వామికి వచ్చిందే ఆ పాయింట్లను చూసుకుని. అవి మీ చేతిలో ఉంటాయన్న నమ్మకంతో ఆయన వాటిని ముందే ఖర్చు పెట్టేశారు. అందువల్ల 11 పాయింట్లు ఉన్నవారి దగ్గర అనుకున్నదానికంటే అదనంగా ఉన్నది రెండు పాయింట్లే. వాటిని చూపించి స్లామ్ అడగడం మొదలుపెడితే, ప్రీఎంప్ట్ ఎదురైన ప్రతిసారీ మీరు అయిదో స్థాయిలో ఒక ట్రిక్కు తక్కువగా దిగుతారు. ఇలా ఒకే బలాన్ని ఇద్దరూ లెక్కవేసుకోవడం వల్ల పోయిన ఆటలు నేను చూసినవాటిలో చాలా ఉన్నాయి.

మరి ఈ చేతిలో ప్రత్యేకత ఏమిటి? వాళ్ల రంగులో మీకు ఒక్క బొమ్మ కూడా లేదు. మీ 11 పాయింట్లూ భాగస్వామి చూపించిన మూడు రంగుల్లోనే ఉన్నాయి, పైగా ఇస్పేటు ఆరు ముక్కలు. ఇదే 11 పాయింట్లను మరో విధంగా సర్ది చూడండి: ఇస్పేటు రాణి, 10, 8, 7, 5, 3; ఆఠీను రాణి, జాకీ; డైమను రాజు, జాకీ, 3; కళావరు రాణి, 6. పొడవులు మారలేదు, పాయింట్లూ మారలేదు. అయితే భాగస్వామి చేతిలో డైమను ఒంటి ముక్కగా ఉన్నప్పుడు మీ డైమను రాజు, జాకీ చేసే పని దాదాపు శూన్యం. డైమను ఆసు, కళావరు ఆసు రెండూ పోవడం ఖాయం, ఇస్పేటు రాజు కూడా బయటే ఉంది. అటువంటి చేతితో 4 ఇస్పేట్లు అని ఊరుకోవలసిందే.

రెండో సంగతి చాలామంది గమనించనిది. వాళ్ల రంగులో మూడు చిన్న ముక్కలు ఉండడం చూసి మనసు చిన్నబుచ్చుకుంటాం, కానీ మూడు కంటే రెండు అధ్వానం. డైమనులో ఏడు ఎడమవైపు, మూడు మీ దగ్గర ఉంటే మిగిలినవి మూడే. డబుల్ చేసిన వ్యక్తికి ఆ రంగు పొట్టిగా ఉంటుందని ముందే తెలుసు కనుక, అక్కడ ఒకటికి మించి ఉండకపోవచ్చునని మీరు ధైర్యంగా అనుకోవచ్చు. మీ దగ్గర రెండే ఉంటే బయట నాలుగు మిగులుతాయి. భాగస్వామికి కూడా రెండు వచ్చి, మొదటి రెండు ట్రిక్కులూ పోయే అవకాశం అప్పుడు ఎక్కువ.

ఇక వేలం సంగతి. ఈ చేతితో ముందుగా 4 డైమన్లు అనండి. వాళ్ల రంగునే పిలిచే ఈ క్యూ బిడ్ మామూలుగా, మేజర్ రంగుల్లో (ఇస్పేటు, ఆఠీను) ఒకటి ఎంచుకోమని భాగస్వామిని అడుగుతుంది. ఆయన 4 ఆఠీన్లు అంటారు. అప్పుడు మీరు 4 ఇస్పేట్లు అంటే, ఎంపిక ఆయనకు ఇచ్చి తిరిగి మీరే మార్చారు కనుక, మీకు మొదటి నుంచీ ఇస్పేటే కావాలనీ, నేరుగా 4 ఇస్పేట్లు అనే చేతికంటే ఇది ఒక మెట్టు పైదనీ అర్థమవుతుంది. గమనించండి, ఇంతా చేసి మీరు నాలుగో స్థాయి దాటలేదు. మీ భాగస్వామి నాలుగు ఇస్పేట్లు, ఒంటి డైమను, రెండు ఆసులు, రెండు రాజులు చూసుకుని 4 నో ట్రంప్‌తో కీకార్డులు (నాలుగు ఆసులు, తురుపు రాజు) అడుగుతారు. మీ దగ్గర తురుపు రాజు, కళావరు ఆసు, తురుపు రాణి ఉన్నాయి. లేనిది డైమను ఆసు ఒక్కటే అని ఆయనకు తెలియగానే 6 ఇస్పేట్లు వచ్చేస్తుంది. డైమను ఆసు పోయాక తురుపులు లాగి, ఆఠీను మూడో ట్రిక్కు మీద ఒక డైమను పారవేసి, రెండోదాన్ని డమ్మీలో (బల్ల మీద పరిచిన భాగస్వామి చేతిలో) తురుపుతో కొడితే సరిపోతుంది. తురుపులు మూడూ ఒకే చేతిలో ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రశ్న: ఎడమవైపు ఆటగాడు 4 ఇస్పేట్లతో మొదలుపెట్టగా నా భాగస్వామి 4 నో ట్రంప్ అన్నారు. నా చేతిలో ఇస్పేటు 8, 6, 4. ఆఠీను ఆసు, 9, 7, 5, 3. డైమను 10, 5. కళావరు రాణి, 8, 4 ఉన్నాయి. ఆసులు అడుగుతున్నారనుకుని, ఒక ఆసు ఉంది కనుక 5 డైమన్లు అన్నాను. భాగస్వామి సంతోషంగా 6 డైమన్లు అన్నారు! ఆయన చేతిలో ఇస్పేటు 2, ఆఠీను 4, డైమను ఆసు, రాజు, జాకీ, 9, 6, కళావరు ఆసు, రాజు, జాకీ, 10, 5, 3. ఆట పోయింది, మాటా మాటా పెరిగింది. తప్పు ఎవరిది?

జవాబు: తప్పు మీ ఇద్దరి మధ్య లేని ఒప్పందానిది. కానీ ఒకరివైపు మొగ్గక తప్పదంటే నేను మీ భాగస్వామివైపే మొగ్గుతాను.

4 ఇస్పేట్లు అన్న తరువాత మాట్లాడేందుకు చోటు ఏమీ మిగలదు. డబుల్ చేయవచ్చు, లేదా అయిదో స్థాయికి వెళ్లవచ్చు. ఆ పరిస్థితిలో 4 నో ట్రంప్‌ను ఆసులు అడగడానికి వాడితే, రెండు రంగుల చేతులన్నిటికీ నోరు లేకుండా పోతుంది. అటువంటి చేతులు మాటిమాటికీ వస్తాయి. ఆసులు మాత్రమే తెలిస్తే చాలనిపించే చేయి మాత్రం ఎప్పుడో గాని రాదు. అందుకే అనుభవం ఉన్న జంటలు 4 ఇస్పేట్ల మీద 4 నో ట్రంప్‌ను రెండు రంగుల చేతికీ, 4 ఆఠీన్ల మీద 4 నో ట్రంప్‌ను కళావరు, డైమను చేతికీ కేటాయించుకుంటాయి. మీరు చేయవలసింది, రెండు డైమన్ల కంటే మూడు కళావర్లు మేలు కనుక 5 కళావర్లు అనడం. ఆ చేతిని పట్టుకున్న భాగస్వామి ఆరో స్థాయికి తోసినా, డైమన్లను మీ చేతిలో తురుపుతో కొట్టుకుంటూ గెలవగల చక్కని కాంట్రాక్టు అది.

మూడో స్థాయి ప్రీఎంప్ట్ మీద నేరుగా 4 నో ట్రంప్ అంటే ఏమిటన్నది జంట జంటకూ మారుతుంది. నా సలహా: వాళ్లది మేజర్ రంగు అయితే మైనర్ రంగులు (కళావరు, డైమను) రెండూ, వాళ్లది మైనర్ రంగు అయితే ఆసుల ప్రశ్న. దీనిని ఆటకు కూర్చోకముందే కాగితం మీద రాసుకోండి. ఇంకొక పరికరం కూడా పక్కన పెట్టుకోవచ్చు. ప్రత్యర్థి రెండో స్థాయిలో మేజర్ రంగుతో బలహీనంగా మొదలుపెట్టినప్పుడు, మీరు ఎగిరి 4 కళావర్లు గానీ 4 డైమన్లు గానీ అంటే ఆ మైనర్‌లో అయిదు, రెండో మేజర్‌లో అయిదు ఉన్న బలమైన చేయి అని చెప్పుకోవడం. లీపింగ్ మైకేల్స్ అనే ఈ పద్ధతి ఒక్క మాటలో పది ముక్కల గుట్టు విప్పుతుంది. స్లామ్‌కు కావలసిన బొమ్మ ఏ రంగులో పనికొస్తుందో, ఏ రంగులో దండగో భాగస్వామికి వెంటనే తెలిసిపోతుంది.

ఇదే సందర్భంలో మరొక పాఠకురాలు, మనం ఆసులు అడిగాక ప్రత్యర్థి 5 ఇస్పేట్లు అంటూ మళ్లీ అడ్డం పడితే జవాబు ఎలా చెప్పాలని అడిగారు. ఆసులు లేకపోతే డబుల్, ఒకటి ఉంటే పాస్, రెండు ఉంటే ఆ పై మెట్టు. కీకార్డులు లెక్కించేవారికి డబుల్ అంటే సున్నా లేదా మూడు, పాస్ అంటే ఒకటి లేదా నాలుగు. ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1933లో ఈ ప్రశ్నను కనిపెట్టిన నాటి నుంచీ దానిని స్లామ్ ఎక్కే నిచ్చెనగా వాడేవారే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం అది రెండు ఆసులు లేని స్లామ్ నుంచి తప్పించుకునే కంచె. ఆ కంచె ఎక్కడ పనికిరాదో తరువాతి ఉత్తరంలో బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: భాగస్వామి 1 ఇస్పేటుతో మొదలుపెట్టారు. నా కుడివైపు ఆటగాడు ఒక్కసారిగా 4 ఆఠీన్లు అన్నాడు. నా చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, 8, 5. ఆఠీను 7, 4. డైమను ఆసు, రాజు, 10, 3, 2. కళావరు ఆసు, 6. నేను 4 నో ట్రంప్ అడిగి, ఒక ఆసు మాత్రమే లేదని తెలుసుకుని 6 ఇస్పేట్లు అన్నాను. ఆఠీను ఆసు, రాజు వరుసగా లాగేశారు. ఆసులు సరిపోయినా ఆట పోవడం దురదృష్టమే కదా?

జవాబు: కాదు. అడగవలసిన ప్రశ్న ఒకటి, మీరు అడిగింది మరొకటి.

మీ భాగస్వామి చేయి ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. మొదటిది: ఇస్పేటు ఆసు, రాణి, 10, 7, 3, ఆఠీను 6, డైమను రాణి, 8, 4, కళావరు రాజు, రాణి, 7, 2. రెండోది: ఇస్పేటు అవే అయిదు, ఆఠీను రాణి, 6, డైమను రాణి, 8, కళావరు రాజు, 9, 7, 2. రెండింటిలోనూ 13 పాయింట్లే, రెండింటిలోనూ తురుపు ఆసు, తురుపు రాణి ఉన్నాయి. కనుక మీ ప్రశ్నకు రెండు చేతులూ అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు ఇస్తాయి. మొదటి చేతితో 6 ఇస్పేట్లు నల్లేరు మీద బండి నడక. రెండో చేతితో మొదటి రెండు ట్రిక్కుల్లోనే కథ ముగుస్తుంది. మీకు వచ్చింది రెండోది. మీ చేతిలో ఆఠీను రెండు చిన్న ముక్కలు ఉన్నప్పుడు తెలుసుకోవలసింది ఆసుల సంఖ్య కాదు, భాగస్వామి ఆ రంగును రెండో చుట్టులో ఆపగలరా లేదా అన్న ఒక్క సంగతే.

దానిని అడిగే మాట 5 ఇస్పేట్లు. ప్రత్యర్థి ఒక రంగు పిలిచి ఉన్నప్పుడు గేమ్ (ఇక్కడ 4 ఇస్పేట్లు) దాటి అయిదో స్థాయిలో తురుపు రంగును పిలిస్తే, మిగిలిన అన్ని రంగులూ నేను చూసుకుంటాను, వాళ్ల రంగు సంగతి మాత్రం నువ్వు చెప్పు అని అర్థం. భాగస్వామికి ఆఠీను రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఓడిపోయే ముక్కలు ఉంటే పాస్ అంటారు. ఒంటి ముక్కో రాజో ఉంటే 6 ఇస్పేట్లు అంటారు. ఆసు ఉన్నా, అసలు ఆ రంగే లేకపోయినా 6 ఆఠీన్లు అంటారు. అప్పుడు ఏడు గురించి కూడా ఆలోచించుకోవచ్చు. కొన్ని జంటలు రాజు ఉన్న చేతికి 5 నో ట్రంప్‌ను ప్రత్యేకంగా ఉంచుకుంటాయి. ఇక్కడ ఇంకొక సుళువు కూడా ఉంది. ఇస్పేటు మొదట పిలిచింది మీ భాగస్వామి కనుక ఆట ఆయనదే. లీడ్ చేయవలసింది, అంటే మొదటి ముక్క వేయవలసింది ప్రీఎంప్ట్ చేసినవాడు, ఆఖరున ముక్క వేసేది మీ భాగస్వామి. అందువల్ల ఆయన చేతిలోని రాజుకు మొదటి లీడ్ నుంచి భయం ఉండదు.

అయిదో స్థాయిలో ఆగి ఒక ట్రిక్కు తక్కువ పడితే అంతకంటే అవమానం లేదని కొందరు ఈ మాటకు దూరంగా ఉంటారు. అది నిజమే, కాబట్టి మీ చేతిలో సందేహం ఒక్కటే మిగిలినప్పుడు మాత్రమే దీనిని వాడండి. ఆఠీనులోనూ అనుమానం, తురుపుల్లోనూ అనుమానం ఉన్నప్పుడు 4 ఇస్పేట్లతో ఆగడం మేలు.

ఈ ఉత్తరంలోనే చివర మరో సందేహం ఉంది. మనం వల్నరబుల్, వాళ్లు కాదు, మనం 6 ఇస్పేట్లు అన్నాక వాళ్లు 7 ఆఠీన్లు అంటే? మన స్లామ్ విలువ 1430. వాళ్లు డబుల్ మీద ఆరు ట్రిక్కులు పోగొట్టుకున్నా 1400 మాత్రమే ఇస్తారు. అందుకే ఆ స్థితిలో అంత తెగింపు చూపిస్తారు. వారి మాట తరువాత ముందుగా మాట్లాడే మీ జంటలోని వ్యక్తి పాస్ అంటే, ఆఠీనును మొదటి చుట్టులోనే ఆపగలను, ఏడుకు వెళ్లాలంటే వెళ్లు అని చెప్పినట్టు. డబుల్ అంటే వెళ్లవద్దని.

ప్రశ్న: కుడివైపు 3 ఇస్పేట్లు వచ్చాక మేము 6 ఆఠీన్లకు చేరాం. తురుపులు ఎనిమిది, బయట అయిదు. అవి 3–2గా ఉంటే గెలుపే. 4–1గా ఉండి ఓడిపోయాం. 68 శాతం అవకాశం ఉన్న స్లామ్ కనుక మళ్లీ వచ్చినా ఇదే పిలుస్తానని నేనూ, పిలవకూడదని భాగస్వామీ వాదించుకుంటున్నాం.

జవాబు: పిలవవలసిందేనని నా అభిప్రాయం, కానీ మీరు చెప్పిన అంకె తప్పు. 68 శాతం అన్నది ప్రత్యర్థుల చేతుల గురించి మనకు ఏమీ తెలియనప్పటి లెక్క. ఇక్కడ మీకు చాలా తెలుసు.

కుడివైపు చేతిలో ఏడు ఇస్పేట్లు, మీ ఇద్దరి దగ్గర కలిపి నాలుగు ఉన్నాయనుకుంటే, ఎడమవైపు ఉన్నవి రెండు. అంటే మిగిలిన రంగుల కోసం కుడివైపు చేతిలో ఆరు ఖాళీలు, ఎడమవైపు చేతిలో పదకొండు ఖాళీలు ఉన్నాయి. బయట ఉన్న అయిదు ఆఠీన్లు ఆ 17 ఖాళీల్లో పడాలి. లెక్క వేస్తే, కుడివైపు ఒక్క ఆఠీనూ లేకపోవడానికి 7.5 శాతం, ఒకటే ఉండడానికి 32, రెండు ఉండడానికి 40, మూడు ఉండడానికి సుమారు 18 శాతం వస్తుంది. 3–2 చీలిక ఎటువైపైనా సరే కలిపితే 58 శాతం మాత్రమే. మీకు ఎదురైన ఒంటి తురుపు, దాదాపు మూడు ఆటలకు ఒకసారి వచ్చేదే.

చిన్న స్లామ్‌కు సగానికి సగం అవకాశం ఉంటే లెక్క సరిపోతుంది. వల్నరబుల్‌గా గెలిస్తే 13 ఇంప్‌లు వస్తాయి, ఓడితే 13 పోతాయి. వల్నరబుల్ కానప్పుడు ఇటూ అటూ 11. కనుక 58 శాతం స్లామ్ పిలవదగినదే. అయితే తురుపులు 3–2గా ఉండడంతో పాటు ఒక ఫినెస్ (పై ముక్క అనుకూలమైన వైపు ఉందని నమ్మి దానికంటే చిన్నదానితో గెలవడం) కూడా కుదరాలంటే 29 శాతానికి దిగిపోతారు. మామూలు వేలంలో అదే స్లామ్ 34 శాతం, అప్పుడూ పిలవకూడనిదే. కానీ మామూలుగా 50 దాటి అంచున నిలిచే స్లాములే ప్రీఎంప్ట్ తరువాత అంచు దిగజారేవి. వాటిని వదలవలసిందే. తొమ్మిది తురుపులు ఉన్న స్లామ్‌కూ ఎనిమిది ఉన్న స్లామ్‌కూ మధ్య తేడా ప్రీఎంప్ట్ తరువాత మరింత పెరుగుతుందని గుర్తుంచుకుంటే, వేలంలో సగం అనుమానాలు తీరుతాయి.

ఈ ఖాళీల లెక్క ఆటలో ఇంకా బాగా పనికొస్తుంది. డమ్మీలో ఆఠీను రాజు, జాకీ, 8, 5, 3. మీ చేతిలో ఆసు, 10, 7, 4 ఉన్నాయనుకోండి. బయట రాణి, 9, 6, 2. తొమ్మిది ముక్కలు ఉన్నప్పుడు రాణి పైనుంచి రాలిపడుతుందని అందరూ ఆసు, రాజు వరుసగా ఆడతారు. ప్రీఎంప్ట్ లేనప్పుడు అదే సరైనది, అదీ వెంట్రుకవాసి తేడాతో. ఆసు ఆడారు, ఇద్దరూ చిన్నవి వేశారు. మళ్లీ చిన్న ముక్కతో డమ్మీవైపు వస్తే ఎడమవైపు ఆటగాడు మరో చిన్నది వేశాడు. ఇప్పుడు రాణి ఎక్కడ? మామూలుగా కుడివైపు 12 ఖాళీలు, ఎడమవైపు 11. కాబట్టి రాజు ఆడాలి. 3 ఇస్పేట్లు వచ్చిన ఈ ఆటలో కుడివైపు ఆరులో ఒకటి పోయి అయిదు ఖాళీలు, ఎడమవైపు పదకొండులో రెండు పోయి తొమ్మిది. తొమ్మిదికి అయిదు, అంటే 64 శాతం రాణి ఎడమవైపే ఉంది. కళ్లు మూసుకుని జాకీ వేయండి. మనకు వేలంలో చోటు లేకుండా చేసినవాడే ఆటలో మనకు ముక్కలు చూపిస్తాడు. స్లామ్ పిలిచే ముందు ఈ లాభాన్ని కూడా తూకంలో వేసుకోవాలి.

ప్రశ్న: ఎడమవైపు 3 కళావర్ల తరువాత మేము 6 ఆఠీన్లు పిలిచాం. కుడివైపు ఆటగాడు డబుల్ అన్నాడు. అతని చేతిలో అయిదు పాయింట్లు కూడా లేవు! నేను నవ్వుకుని పాస్ అన్నాను. లీడ్ డైమను వచ్చింది, అతను తురుపుతో కొట్టాడు, తరువాత కళావరు ఆసు పోయింది. కళావరు రాజు నా దగ్గరే ఉంది, పై ట్రిక్కులు పన్నెండు ఉన్నాయి. నేనేమైనా చేయగలిగేవాడినా?

జవాబు: 6 నో ట్రంప్ అని ఉంటే కళావరు ఆసు ఒక్కటే పోయేది. స్లామ్ మీద లీడ్ చేయనివాడు చేసే డబుల్ బలం చూపించడానికి కాదు. మామూలు లీడ్ వద్దు, మరొకటి ఆలోచించు అని భాగస్వామిని అడగడానికి. థియడోర్ లైట్నర్ 1929లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ప్రీఎంప్ట్ వచ్చిన ఆటలో దాని అర్థం మరింత సూటిగా ఉంటుంది: నీ కళావరు తప్ప ఇంకేదైనా వెయ్యి, నాకు ఒక రంగు అసలే లేదు. ఆ రంగు సాధారణంగా డమ్మీ పక్కన పిలిచిన పొడవైన రంగై ఉంటుంది. మీకు వాళ్ల రంగులో ఆపుదల ఉండి, తురుపు లేకుండానే ట్రిక్కులు సరిపోతాయనుకుంటే నో ట్రంప్‌కు పారిపోవడంలో సిగ్గు లేదు. ఆపుదల లేకపోతే మాత్రం కదలకండి, ఒక ట్రిక్కుతో పోయేది ఆరేడు ట్రిక్కులతో పోతుంది.

ప్రశ్న: ప్రీఎంప్ట్ తరువాత గ్రాండ్ స్లామ్ ఎప్పుడు పిలవాలి?

జవాబు: 13 ట్రిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినప్పుడు. వల్నరబుల్ కానప్పుడు ఏడు పిలిచి గెలిస్తే, ఆరు పిలిచిన జంట మీద 11 ఇంప్‌లు లాభం. ఓడితే 14 నష్టం. అంటే 56 శాతం అవకాశం కావాలి. కానీ ఆ లెక్క రెండో బల్ల దగ్గరివారు కూడా ఆరుకు చేరారనుకుని వేసింది. అదే ప్రీఎంప్ట్ వాళ్లకూ ఎదురై ఉంటుంది. వాళ్లు అయిదో స్థాయిలోనే చతికిలబడి ఉండవచ్చు, లేదా డబుల్ చేసి మూడు వందలతో సరిపెట్టుకుని ఉండవచ్చు. అప్పుడు ఆరు పిలిచి గెలిస్తేనే మీకు పెద్ద లాభం చేతికి వస్తుంది, దానిని ఏడు కోసం పణంగా పెట్టడానికి 56 శాతం ఏమాత్రం చాలదు. తురుపుల్లో పై మూడు బొమ్మలూ ఉండి, వాళ్ల రంగులో ఆసు గానీ ఆ రంగే లేకపోవడం గానీ ఉండి, పక్క రంగులో ఎదురులేని పొడవు ఉంటే పిలవండి. ఒక ఫినెస్ మీదో, ఎనిమిది తురుపుల చీలిక మీదో ఆధారపడితే వద్దు.